ఆటోనగర్ కుర్రాడి కుడిచెయ్యి: ఒక పిచర్ అంచనా

ఈ కేసులో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. పదిహేడేళ్ల ఈ కుర్రాడు ఆట మీద బతకగలిగే స్థాయి బేస్‌బాల్ ఆడగలడా? అడిగింది గాజువాక వైపు ఒక స్కూల్లో పనిచేసే పీఈటీ మాస్టారు. నేను విశాఖలో బేస్‌బాల్ కోచింగ్ ఇస్తాను. పిచర్లను, అంటే బ్యాటర్‌కు బాల్ విసిరేవాళ్లను, చూసి వాళ్ల మీద అంచనా రాసివ్వడం కూడా నా పనే. మన ఊళ్లో ఈ ఆట ఆడేవాళ్లు తక్కువ, ఆడేవాళ్లను చూసి లెక్కగట్టేవాళ్లు ఇంకా తక్కువ. చేతిలో బలమున్న పిల్లలకు మాత్రం కొదవ లేదు. వాళ్లను ఎలా చూడాలో పీఈటీలకు, తల్లిదండ్రులకు పనికొస్తుందని ఈ కేసు పూర్తిగా రాస్తున్నాను. అబ్బాయి పేరు, స్కూలు పేరు రాయడం లేదు.

తండ్రి ఆటోనగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేస్తారు. తల్లి ఇంట్లో బట్టలు కుడతారు. అబ్బాయి ఇంటర్ సెకండియర్. ఎత్తు 183 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. భుజాలు వెడల్పు, వేళ్లు పొడుగు, ఒంటి మీద కండ ఇంకా పట్టలేదు. మొదట క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ వేసేవాడు. ఒక క్యాంపులో "చెయ్యి మడిచి త్రో వేస్తున్నాడు" అని పక్కన పెట్టారు. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. క్రికెట్ బౌలింగ్‌లో మోచెయ్యి 15 డిగ్రీలకు మించి సాగితే ఆ యాక్షన్ చెల్లదు. బేస్‌బాల్‌లో అలాంటి నిబంధన లేదు. మోచెయ్యి మడిచి సాచకుండా పిచర్ అసలు బాల్ వేయలేడు. ఈ తేడా తెలిసిన మాస్టారు కాబట్టే అబ్బాయి చేతికి బేస్‌బాల్ ఇచ్చి, ఫోన్‌లో వీడియో తీసి నాకు పంపారు. కింద "140 స్పీడ్ సార్" అని రాశారు. ఫోన్ యాప్ చూపించిన నంబర్ అది.

ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఒక మూల, పొద్దున్నే మొదటిసారి చూశాను. సముద్రం గాలి మొదలైతే బాల్ దారి మారుతుంది, ఉక్కబోత పెరిగితే వేళ్లు జారతాయి. అందుకే మన దగ్గర పిచర్‌ని చూడాలంటే ఎండ ఎక్కకముందే చూడాలి. వేళ్లకు పట్టునిచ్చే రోజిన్ పొడి సంచి పక్కన ఉన్నా చెమట పట్టిన చేతికి అది కొంతవరకే సాయపడుతుంది.

వేగం కొలిచే రాడార్ గన్ బ్యాగులోంచి తీయలేదు. గన్ కనబడగానే కుర్రాళ్లు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసురుతారు, అసలు యాక్షన్ కనబడకుండా పోతుంది. ముందు ఇరవై అడుగుల దూరం నుంచి మెల్లగా బాల్ వేయించాను. తర్వాత నలభై, ఆపైన అరవై. బాల్ చుట్టూ నల్ల మార్కర్‌తో ఒక గీత గీసి ఇచ్చాను. కుట్ల మీద చూపుడువేలు, మధ్యవేలు అడ్డంగా పెట్టి శుభ్రంగా వదిలితే, బాల్ గాలిలో తిరుగుతున్నప్పుడు ఆ గీత కదలకుండా ఒకే గీతలా కనిపిస్తుంది. వేళ్లు పక్కకు జారితే గీత చెదిరి, బాల్ మొత్తం బూడిద రంగు పూసినట్టు ఉంటుంది. ఇతని గీత కాస్త వాలింది గానీ చెదరలేదు. మళ్లీ మళ్లీ అదే వాలు. చేతిలోంచి బాల్ చివరగా వదిలేది మధ్యవేలు. అది చేసే పని నేర్పడం చాలా కష్టం. ఇతనికి ఎవరూ చెప్పకుండానే వచ్చింది. ఈ కుర్రాడి మీద నేను సమయం పెట్టాలనుకున్నది ఆ గీత చూశాకే.

తర్వాత స్పీడ్. రాడార్ గన్ బాల్ వచ్చే దారికి సూటిగా ఉండాలి. పక్కన 20 డిగ్రీల కోణంలో నిలబడితే అసలు వేగం కంటే దాదాపు 6 శాతం తక్కువ చూపిస్తుంది. ఫోన్ యాప్‌లైతే దూరం సరిగ్గా పెట్టకపోతే ఎక్కువా చూపిస్తాయి. నేను బాల్ అందుకునే క్యాచర్ వెనక వల దగ్గర నిలబడి కొలిచాను. మామూలుగా 118 నుంచి 122 కిలోమీటర్లు, ఒక్కటి మాత్రం 125. మాస్టారి ముఖం చిన్నబోయింది. చిన్నబోనక్కర్లేదు. పిచర్ నిలబడే రబ్బరు పలక నుంచి, బ్యాటర్ పక్కన నేలలో ఉండే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. రన్నప్ లేదు. నిలబడ్డ చోటు నుంచి ఒక్క అడుగుతో పుట్టించాలి ఆ వేగమంతా. బౌండరీ దగ్గర నుంచి రెండు గంతులేసి వికెట్ కీపర్‌కి కొట్టే త్రో వేరు, ఇది వేరు. క్రికెట్ బాల్ 156 నుంచి 163 గ్రాములు ఉంటే బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములే. తేలిక కదా, ఎక్కువ వేగం రావాలి అనుకుంటారు. ఒంటి కింది భాగం పనిచేయకపోతే రాదు.

పోల్చుకోవడానికి చెబుతున్నాను. అమెరికాలో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్, అంటే పూర్తి వేగంతో వేసే బాల్, సగటు ఇప్పుడు గంటకు 150 కిలోమీటర్లు దాటింది. ఆ వేగంతో వచ్చే బాల్ బ్యాటర్‌ను చేరడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది.

ఇక నిలకడ. రెండు కర్రల మధ్య సాగే తాడు కట్టి, పిచర్ బాల్ పడాల్సిన చోటు, అంటే స్ట్రైక్ జోన్, అంత చట్రం చేశాం. హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు, చట్రం కూడా అంతే వెడల్పు. మొదట వేసిన పదిలో మూడు లోపల పడ్డాయి. స్ట్రైకులు లెక్కబెట్టి కాగితం మడిచేసే కోచ్‌లున్నారు. నేను లోపల పడినవాటి కంటే బయట పడినవాటినే ఎక్కువ రాసుకుంటాను. ఇతని తప్పులు దాదాపు అన్నీ ఒకే చోటికి పోతున్నాయి, పైకీ, కుడి వైపుకీ. కుడిచేతి పిచర్ బాల్ అలా పోతోందంటే చెయ్యి ఆలస్యంగా వస్తోందని అర్థం. ముందు కాలు నేల తాకేసరికి చెయ్యి పైకి లేచి సిద్ధంగా ఉండాలి. ఇతని చెయ్యి అప్పటికి ఇంకా నడుం దగ్గరే ఉంటోంది. ఒళ్లు ముందుకు పోయి, చెయ్యి వెనక ఈడ్చుకొస్తోంది. తప్పులు నాలుగు దిక్కులా పడితే నేను భయపడతాను, ఎందుకంటే దానికి కారణం ఒకటి ఉండదు. ఒకే చోట పడే తప్పుకు ఒకటే కారణం ఉంటుంది. దాన్ని సరిచేయొచ్చు.

ఈ మాట తండ్రికి చెబుతుంటే ఆయన వెంటనే అందుకున్నారు. "మా పనిలోనూ అంతే సార్. ఒక్క పీసు కరెక్టుగా వస్తే ఏటి లాభం? వంద తీస్తే వందా ఒకలాగే రావాల. అన్నీ ఒకే కొలత తప్పుతున్నాయంటే మిషన్ మంచిదే, సెట్టింగ్ తేడా ఉన్నట్టు." నేను పిచింగ్ గురించి గంటసేపు చెప్పినా ఇంతకంటే బాగా చెప్పలేను.

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే సెట్టింగ్ తేడా ఎక్కడో తెలిసింది. ముందు పాదం ప్లేట్ వైపు కాకుండా ఎడమకు, మొదటి బేస్ వైపుకు తిరిగి పడుతోందేమో అనుకున్న మాస్టారి అనుమానం నిజం కాదు. పాదం సూటిగానే ఉంది, అడుగే పొట్టిగా ఉంది. మంచి పిచర్ల అడుగు తమ ఎత్తులో 80 శాతానికి పైనే ఉంటుంది. ఇతనిది మూడింట రెండు వంతులు. అడుగు పొట్టిదైతే కాలు త్వరగా నేలను తాకేస్తుంది, చేతికి పైకి లేచే సమయం దొరకదు. ఇలాంటప్పుడు చేతిని సరిదిద్దాలని చూస్తే మొదటికే మోసం వస్తుంది. కాలిని సరిదిద్దాలి.

ఇక్కడే కేసు మలుపు తిరిగింది. నేను ఏ కుర్రాడికైనా మౌండ్, అంటే పిచర్ నిలబడే దిబ్బ, ఎక్కించే ముందు మోచెయ్యి చూస్తాను. మోచేతి లోపలి వైపు ఎముక మీద బొటనవేలితో నొక్కి "నొప్పుందా?" అని అడిగాను. "లేదు సార్" అన్నాడు. అంటూనే తండ్రి వైపు చూశాడు. తర్వాత పక్కకు తీసుకెళ్లి, అదే ప్రశ్న ఇంకోలా అడిగాను: బాల్ వేసిన మర్నాడు ఏ పని చేస్తే తెలుస్తుంది? "పొద్దున్న బకెట్ ఎత్తితే లోపల గుంజుతాది సార్" అన్నాడు. అప్పుడు తెలిసింది, వారం వారం టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు ఆడుతున్నాడని. గెలిస్తే డబ్బులిస్తారు, కాలేజీ ఖర్చులకు సరిపోతాయి. ఆదివారం పొద్దున ఒక మ్యాచ్, సాయంత్రం ఇంకో మ్యాచ్. చెయ్యికి విశ్రాంతి అన్నది లేదు.

మోచేతి లోపలి వైపు ఉండే లిగమెంట్ దెబ్బతిని పిచర్ల కెరీర్లు ఆగిపోతాయి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచర్‌కు చేసిన ఆపరేషన్ ఇప్పుడు ఆ ఆటగాడి పేరుతోనే పిలవబడుతోంది. ఆపరేషన్ ఉంది కదా అని ధైర్యం చెప్పుకోవడం సరికాదు. కోలుకోవడానికి ఏడాది, అంతకంటే ఎక్కువే పడుతుంది. అంత ఖర్చు, అంత ఓపిక ఆటోనగర్ జీతంతో ఎవరు పెట్టుకోగలరు? ఎదిగే వయసులో ఎముకల చివర్లు పూర్తిగా కలుసుకోవు కాబట్టి, లిగమెంట్ కంటే ముందు ఎముకే దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఆ రోజు బాల్ వేయడం ఆపించి, ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి పంపాను. రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయించమని ప్రత్యేకంగా చెప్పాను. రెండోది పక్కన పెట్టి చూస్తేనే తేడా ఉందో లేదో తెలుస్తుంది. ఎముక బాగానే ఉందని, కండరం, నరం అలిసిపోయాయని, ఆరు వారాలు ఏ బాల్ వేయొద్దని డాక్టర్ చెప్పారు.

ఆ ఆరు వారాల మధ్యలో సంక్రాంతి పడింది. పండక్కి ఊరూరా టోర్నమెంట్లు జరుగుతాయని అందరికీ తెలుసు. ఒక టీమ్ వాళ్లు ఇంటికొచ్చి మరీ పిలిచారట. వెళ్లలేదు. ఈ విషయం కుర్రాడు నాకు చెప్పలేదు, తల్లి చెప్పింది. "మీరు వద్దన్నారని వాడు గుమ్మం దాటలేదు సార్. అన్నం కూడా సరిగా తినలేదు ఆ రోజు." ఆటగాడి మీద రాసే అంచనాలో, అంటే స్కౌటింగ్ రిపోర్టులో, స్వభావం గురించి ఒక గడి ఉంటుంది. చాలామంది అందులో "మంచి క్రమశిక్షణ" అని రాసి వదిలేస్తారు. నేను ఈ సంగతి ఉన్నది ఉన్నట్టు రాశాను. చేతిలో డబ్బు ఆడని ఇంట్లో పదిహేడేళ్ల కుర్రాడు పండగ మ్యాచ్ వదులుకున్నాడంటే దానికి తూకం ఎక్కువ.

విశ్రాంతి సమయంలో అతనికి రెండే పనులు పెట్టాను. ఒకటి, రబ్బరు ట్యూబుతో భుజం వెనక కండరాలకు వ్యాయామం. రెండోది, అడుగు. ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద చాక్‌పీసుతో గీత గీసుకుని, బాల్ లేకుండా, రోజూ ముందు కాలు ఆ గీత దాకా వేయాలి. కాలు పడేసరికి చెయ్యి పైన ఉందో లేదో తమ్ముడు వీడియో తీయాలి. అంతే. జిమ్ గురించీ, ప్రొటీన్ పొడి గురించీ అడిగాడు. గుడ్లు, పప్పు, వేరుశెనగలు, అన్నం పెంచమన్నాను.

పచ్చి కుర్రాడిలో నేను వెతికేది దీన్నే. రాడార్ గన్ ఈరోజు సంగతి చెబుతుంది. నన్ను అడిగింది ఐదేళ్ల తర్వాతి సంగతి. దానికి జవాబు వేగంలో దొరకదు. ఒక్క మార్పు చెప్పి, కొన్నాళ్లు ఆగి, మళ్లీ చూడాలి. ఆ మార్పు ఒంటికి పట్టిందా? చూస్తున్నప్పుడే చేసి, అలిసిపోగానే పాత అలవాటుకు పోతున్నాడా? ఒక్కసారి చూసి ఎవరి భవిష్యత్తూ చెప్పలేం. రెండుసార్ల మధ్య వచ్చిన తేడాను బట్టి చెప్పొచ్చు.

మళ్లీ బాల్ పట్టించినప్పుడు మౌండ్ ఎక్కించాను. మౌండ్ ఎత్తు 10 అంగుళాలు, ముందుకు అడుగుకు ఒక అంగుళం చొప్పున వాలు ఉండాలి. మన దగ్గర అలాంటి మౌండ్ దొరకదు కాబట్టి ప్లైవుడ్ పలకలతో చేయించి, పైన రబ్బరు చాప వేశాం. చేసిపెట్టింది వాళ్ల నాన్నే. ఆటోనగర్ మనిషికి కొలత చెబితే చాలు, వాలు అర అంగుళం కూడా తప్పలేదు.

అడుగు పొడుగైంది. చెయ్యి సమయానికి లేస్తోంది. పదిలో ఐదారు చట్రంలో పడ్డాయి. వేగం 124 నుంచి 127 మధ్య నిలబడింది, 130 ఒకసారి తాకింది. నాకు సంతోషం కలిగించింది ఈ అంకెలు కాదు. ముప్పై బాల్స్ దాటాక ఒకటి పాత పద్ధతిలో పైకి, కుడికి పోయింది. నేను నోరు తెరిచేలోపే అతను రబ్బరు పలక మీద నుంచి దిగి, మౌండ్ మీద తన పాదం పడిన చోటును చూసుకున్నాడు. "కాలు ముందే పడిపోనాది సార్" అన్నాడు. తర్వాతి బాల్ లోపల పడింది. తన తప్పు తానే పట్టుకోగలిగిన పిచర్ కోచ్ లేనిచోట కూడా ఎదుగుతాడు. విశాఖలో బేస్‌బాల్ ఆడే పిల్లాడికి కోచ్ లేని రోజులే ఎక్కువ.

అదే రోజు చేంజప్ పట్టు చూపించాను. ఫాస్ట్‌బాల్ వేసినంత వేగంగానే చెయ్యి తిప్పాలి, బాల్ మాత్రం అరచేతిలోకి లోతుగా పెట్టుకోవడం వల్ల నెమ్మదిగా వెళ్లాలి. మొదట్లో చెయ్యి తిప్పడమే నెమ్మది చేశాడు, అందరూ చేసేదే. గాలిలో వంపు తిరిగే కర్వ్‌బాల్ నేర్పలేదు. అడిగాడు, ఇప్పుడే వద్దన్నాను. మోచెయ్యి నిన్నమొన్నే కోలుకుంది.

రిపోర్టు విషయానికొస్తే, అమెరికా స్కౌట్లు 20 నుంచి 80 దాకా ఉండే స్కేలు వాడతారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. ఆ సగటు నుంచి పైకైనా కిందికైనా ప్రతి 10 ఒక పెద్ద మెట్టు. ప్రతి నైపుణ్యానికీ రెండు అంకెలు వేస్తారు, ఈరోజుది ఒకటి, ఎదిగాక రాగలిగింది ఒకటి. నేను ఇలా వేశాను. ఫాస్ట్‌బాల్ ఈరోజు 20, ఎదిగాక 35. నిలకడ ఈరోజు 20, ఎదిగాక 40. చేంజప్‌కి ఈరోజు 20 వేసి, రెండో అంకె ఖాళీగా ఉంచాను. ఒంటికి కనీసం పన్నెండు కిలోలు పట్టే చోటు ఉందని, చెయ్యి విసురు సాఫీగా ఉందని, నేర్చుకునే వేగం నేను ఈ ఊళ్లో చూసిన పిల్లలందరికంటే మెరుగని రాశాను.

ఇంట్లో కూర్చుని ఈ అంకెలు తల్లిదండ్రులకు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాను. ఫాస్ట్‌బాల్ 35 అంటే అంతా సవ్యంగా జరిగితే 140 చుట్టూ వస్తుంది. 2008లో రింకూ సింగ్, దినేష్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్లు మన దేశంలో జరిగిన బాల్ విసిరే పోటీలోంచి ఎదిగి, పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో కాంట్రాక్టు సంతకం చేశారు. ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లు. ముప్పై వేల మందికి పైగా పాల్గొన్న ఆ పోటీలో రింకూ 87 మైళ్లతో, అంటే 140 కిలోమీటర్ల వేగంతో గెలిచి లక్ష డాలర్లు అందుకున్నాడు. అంటే మనవాడు ఎదిగాక చేరతాడని నేనంటున్న చోటు నుంచే రింకూ బయల్దేరాడు. పైగా అతను ఎడమచేతి వాటం, వాళ్లకు గిరాకీ ఎక్కువ. అలాంటివాడు కూడా మేజర్ లీగ్ కింద ఉండే మైనర్ లీగుల్లో కింది మెట్లు కొన్ని ఎక్కి, గాయాలతో ఆగిపోయాడు. దినేష్‌ను 2010లోనే వదులుకున్నారు. వాళ్లు సాధించింది తక్కువేం కాదు. దారి ఎంత నిటారుగా ఉందో తెలియాలని చెప్పాను.

తల్లి అడిగింది: "మరి వాళ్లెవరో ఫోన్ చేసారు కద సార్, అమెరికా పంపిస్తామని?" అప్పటికే ఎవరో అరచేతిలో వైకుంఠం చూపించారు, ముందు రెండు లక్షలు కట్టమన్నారు. క్లబ్బు ఆటగాడికి డబ్బిస్తుంది గానీ ఆటగాడి దగ్గర తీసుకోదు. మన దేశపు కుర్రాళ్లు అమెరికా డ్రాఫ్ట్, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి, కిందికి రారు. పదహారు నిండాక అంతర్జాతీయ ఆటగాడిగా క్లబ్బు నేరుగా సంతకం చేయించుకోవచ్చు, ఆ సీజన్ ఏటా జనవరి 15న మొదలవుతుంది. సంతకానికి ముందు వయసు పత్రాలు, మోచేతి స్కాన్లు గట్టిగా తనిఖీ చేస్తారు. మధ్యవర్తికి డబ్బు కట్టడం ఇందులో ఎక్కడా లేదు. అదే చెప్పి, ఆ నంబర్ బ్లాక్ చేయమన్నాను.

నా సిఫార్సు ఇది. ఇప్పుడు అమెరికా క్లబ్బులకు పంపే స్థితి లేదు. చదువు ఆపొద్దు. డిగ్రీలో చేరితే యూనివర్సిటీ జట్టుకు ఆడొచ్చు, అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో బేస్‌బాల్ ఉంది. దుబాయ్‌లో 2025 నవంబరులో మొదలైన బేస్‌బాల్ యునైటెడ్ లీగ్‌లో ముంబయి కోబ్రాస్ అనే జట్టు ఉంది. భారత పిచర్‌కు డబ్బిచ్చి ఆడించే చోటు ఇంత దగ్గరికి రావడం ఇదే మొదలు. ఇతనికి నేను పెట్టిన గురి అదే. చెయ్యి విషయంలో కుర్రాళ్లు ఎన్ని బాల్స్ వేయొచ్చో చెప్పే మేజర్ లీగ్ వాళ్ల పిచ్ స్మార్ట్ లెక్కలు ఫ్రిజ్ మీద అంటించి వచ్చాను. 17, 18 ఏళ్లవాళ్లకు రోజుకు 105 పిచ్‌లే, అంటే 105 బాల్సే, గరిష్ఠం, 80 దాటితే నాలుగు రోజుల విశ్రాంతి. ఇతనికి మాత్రం ఈ ఏడాది 45 దగ్గరే ఆపమన్నాను. టెన్నిస్ బాల్ మ్యాచ్‌లో వేసిన ప్రతి బాలూ ఆ లెక్కలోకే వస్తుంది.

కాలేజీ ఖర్చుల సంగతి మాట్లాడకుండా టోర్నమెంట్లు మానమనడం న్యాయం కాదు. మాస్టారు తమ స్కూల్లో సాయంత్రాలు చిన్నపిల్లలకు త్రోయింగ్ నేర్పే పని అతనికి ఇప్పించారు. నెలకు వచ్చేది తక్కువే గానీ చెయ్యి అరగదు.

వర్షాలు తగ్గాక మళ్లీ చూస్తాను. అప్పటికి మూడు విషయాలు కావాలి. బరువు 68 దాటాలి. ముప్పై బాల్స్ తర్వాత కూడా వేగం 127 కంటే తగ్గకూడదు. చేంజప్ వేసేటప్పుడు చెయ్యి ఫాస్ట్‌బాల్ వేసినట్టే తిరగాలి. ఇందులో రెండు వచ్చినా, ఆ వీడియోలు కోబ్రాస్ వాళ్లకు నేనే పంపిస్తాను. మోచెయ్యి మళ్లీ గుంజితే మాత్రం, మిగతావన్నీ ఎంత బాగున్నా, మొదట చేయించేది ఎమ్మారై.